సన్న బెజ్జం

మూడు పాలసీసాలను బల్ల మీద వరసగా నిలబెట్టి, తప్పు చేసిన పిల్లల్ని నిలదీస్తున్నట్టు ఒక్కొక్కదాన్నే చూసింది నర్సమ్మ. బల్లకి ఇవతల కుర్చీ అంచున సూదక్క మరదలు కూర్చుంది. ఆమె వెనక తమ్ముడి కొడుకుని, మూడు నెలల బుడ్డోణ్ని భుజాన వేసుకుని, వాడి వీపు నిమురుతూ సూదక్క నిలబడింది. సూదక్క అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా వీధి వీధంతటికీ బట్టలు కుడుతోంది కనక మొదట ఆ పేరు పెట్టారు. ఆమె నోరు విన్నాక దాన్ని మార్చాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

"సోమవారం నుంచి డ్యూటీకి వెళ్తావు. పాలు నీవే, పిండి పెట్టి వెళ్తావు. పట్టేది మీ ఆడపడుచుగారు. అంతేనా?" అంది నర్సమ్మ.

మరదలు తలూపింది.

నర్సమ్మ మూడు సీసాల్లోనూ కాసిన్ని నీళ్ళు పోసి, గిన్నె మీద మొదటిదాన్ని తలకిందులు చేసింది. పొడుగాటి రబ్బరు పీకలోంచి నీళ్ళు ధారకట్టాయి. రెండోదాంట్లోంచి గబగబా జారాయి. మూడోది తలకిందులు చేస్తే ఏమీ కాలేదు. కాసేపాగి ఒక చుక్క పడింది. మళ్ళీ ఇంకోటి.

"ఇదేంటమ్మా, బెజ్జం పెట్టడం మర్చిపోయారా?" అంది సూదక్క.

"మర్చిపోలేదండీ, కావాలనే సన్నగా పెట్టారు," నర్సమ్మ మొదటి సీసాని వేలితో దూరంగా నెట్టింది. "ఇది పట్టారనుకోండి, వాడు నోరు తెరిచి ఉంటే చాలు, పాలు వచ్చి పడతాయి. తల్లి దగ్గర అలా కాదు. పాలు దిగడానికి కాస్త సేపు పడుతుంది. దవడ ఆడించాలి, లాగాలి. ఇక్కడ ఊరికే వస్తుంటే అక్కడికెళ్ళి కష్టపడమంటే ఎవరు పడతారు? మనం పడతామా?"

"మా తమ్ముడైతే అస్సలు పడడు," అంది సూదక్క. మరదలు కూడా నవ్వింది.

"వాడు లాగడం మానేస్తే ఈవిడకి పాలు తగ్గిపోతాయి. లాగేకొద్దీ ఊరేవి అవి. అందుకే ఈ మూడోది. పీక మొదలు వెడల్పుగా ఉందా? నోరంతా తెరిచి పట్టుకోవాలి, అచ్చం అమ్మ దగ్గర పట్టినట్టే. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకండి. ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. సీసా అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్యలో ఆపండి. కాసేపు ఈ చేతి మీద, కాసేపు ఆ చేతి మీద. ఇరవై నిమిషాలు పట్టినా తొందరపడకండి. ఇక చాలన్నట్టు మొహం తిప్పుకుంటే బలవంతం చెయ్యకండి."

సూదక్క చెయ్యి బుడ్డోడి వీపు మీద ఆగిపోయింది. "అంటే, నా ఒళ్ళో కూర్చుని తాగేటప్పుడు కూడా వాడికి వాళ్ళమ్మే గుర్తుండాలన్నమాట."

"అదేనండీ! ఎంత చక్కగా అర్థం చేసుకున్నారు," అని మెచ్చుకుంది నర్సమ్మ. చెంప మీద కొట్టి బుగ్గ గిల్లినట్టయింది సూదక్కకి.

కింద కొట్లో మూడో రకానివి రెండు సీసాలు కొన్నారు. మెట్ల మీద మరదలు ఆగి, "మీకూ ఇదే నచ్చిందా వదినా?" అని అడిగింది.

"తాగేది వాడు, పట్టేది నేను, ఎంచుకునేది నువ్వు. ఇందులో నా నచ్చడం ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పు, దాన్నీ ఇరికిద్దాం."

మరదలు బుడ్డోడి కోసం చేతులు చాచింది. వాడు నిద్రలోనే ఆ చేతుల్లోకి ఒదిగిపోయాడు. సూదక్క భుజం ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ తేలికే ఆమెకి గిట్టదు.

*

సోమవారం కోసం సూదక్క మూడు నెలలుగా కాచుకుని ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ మూడు నెలల్లో బుడ్డోడు ఆమె చేతికొచ్చిందల్లా తేనుపు రావాల్సినప్పుడు, గుడ్డ మార్చాల్సినప్పుడు, తల్లి స్నానానికి వెళ్ళినప్పుడు. పాలవేళ అయ్యేసరికి ఎవరో లాక్కున్నట్టు వాడు వెళ్ళిపోయేవాడు. తలుపు దగ్గరగా వేసి ఉండేది. లోపల్నించి ఆ గుటకల చప్పుడు, మధ్యలో వాడి చిన్న మూలుగు వినబడుతుంటే సూదక్క మిషను తొక్కడం పెంచేది.

ఆ రోజు మరదలు పొద్దున్నే వాడికి పాలిచ్చి, మూడు చిన్న సీసాల్లో పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి, వాటి మీద గంటలు రాసిన కాగితం అంటించి, మాత్రలు ప్యాకింగ్ చేసే ఫ్యాక్టరీకి వెళ్ళింది. గుమ్మం దాటాక కూడా రెండుసార్లు వెనక్కొచ్చింది. "వెళ్ళమ్మా తల్లీ, నీ కొడుకుని నేనేం కొరుక్కుతినను," అంది సూదక్క. తలుపు మూసుకున్నాక బుడ్డోడి వంక తిరిగింది. "ఇక మనమిద్దరమేరా అబ్బాయ్."

వాడు అదేం పట్టించుకోలేదు. తొమ్మిదిన్నరకి ఏడుపు మొదలుపెట్టాడు. సూదక్క వేణ్ణీళ్ళ గిన్నెలో సీసా వెచ్చబెట్టి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకుని, నర్సమ్మ చెప్పినట్టే కూర్చోబెట్టుకుంది. వాడు పీక నోట్లోకి తీసుకున్నాడు, ఉమ్మేశాడు. మళ్ళీ తీసుకున్నాడు. రెండు గుటకలు వేసి తలుపు వంక చూశాడు. ఆమె కళ్ళలోకి మటుకు చూడలేదు. ఎవరింటికో చుట్టంగా వచ్చి మొహమాటానికి తాగుతున్నట్టు అరగంట తాగి, మొహం అటు తిప్పుకుని నిద్రపోయాడు. మిషను మీద బడి యూనిఫారాలు ముప్ఫై రెండు, అంచులు మడవాల్సినవి, అలాగే పడి ఉన్నాయి.

సాయంత్రం మరదలు గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడికే వాడి ఒళ్ళు బిగుసుకుంది. ఆమె చేతులు కడుక్కుంటుంటే కుళాయి వైపు మెడ సాచాడు. ఒళ్ళోకి తీసుకుని చొక్కా బొత్తాం తీసిందో లేదో, బావిలో పడినవాడికి తాడు దొరికినట్టు పట్టుకున్నాడు. సూదక్క దారం కత్తిరించే నెపంతో అక్కడే నిలబడింది. తాగేటప్పుడు వాడి కాలివేళ్ళు ముడుచుకుని విచ్చుకుంటున్నాయి, ముడుచుకుని విచ్చుకుంటున్నాయి. తన ఒళ్ళో అరగంటలో ఒక్కసారి కూడా ఆ వేళ్ళు కదలలేదు.

"చూశావా అక్కా," అన్నాడు అప్పుడే వచ్చిన తమ్ముడు, "పొద్దున్నుంచీ మోసింది నువ్వు. వాళ్ళమ్మ కనబడగానే నీకు టాటా."

తమ్ముడు తమాషాకే అన్నాడు. సూదక్క కూడా నవ్వింది. నవ్వుతూ యూనిఫారం అంచుని ఎంత తిరగేసి కుట్టిందంటే, మళ్ళీ విప్పి కుట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

*

మంగళవారం పొద్దున బుడ్డోడు సీసాతో యుద్ధానికి దిగిన సమయానికే స్కూలు టీచరమ్మ వచ్చింది. గురువారానికల్లా యూనిఫారాలు కావాలని గుర్తుచెయ్యడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంటి సూదక్కా, అంతలా ఏడిపిస్తున్నావు?"

"నేనా? వీడే నన్ను ఏడిపిస్తున్నాడు. పాలు రావట్లేదని."

"మరి వాళ్ళమ్మ దగ్గర?"

"వాళ్ళమ్మ దగ్గర అమృతం కదా, ఎంత సేపైనా ఆగుతాడు."

"అలవాటు లేని చేతులు కదా, పాపం," అంది టీచరమ్మ. జాలి ఎవరి మీదో చెప్పకుండానే వెళ్ళిపోయింది.

అలవాటు లేని చేతులు. సూదక్క తన చేతుల వంక చూసుకుంది. ఈ చేతులతోనే తమ్ముడికి అన్నం కలిపి పెట్టి పెంచింది. ఈ చేతులతో ఎంత మందపు గుడ్డకైనా ఎంత బెజ్జం కావాలో కంటితో కొలవకుండా చెప్పగలదు. సీసా తలకిందులు చేసి చూసింది. చుక్క. ఆగి, చుక్క. తప్పు తన చేతులది కాదు, ఈ పీకది. చొక్కాకి బొత్తాం పట్టకపోతే ఏం చేస్తాం? కాజాని కాస్త కోస్తాం. అంతే కదా. కడుపునిండా తాగాల్సిన పసివాణ్ని ఇలా చుక్కచుక్కకీ దేవిరించడం ఎందుకు? వాడి కష్టం చూడలేకే, అనుకుంది. అలా అనుకున్నాక మనసు స్థిమితపడింది.

సంచులు కుట్టే లావాటి సూది తీసింది. పట్టకారుతో పట్టుకుని స్టవ్వు మంట మీద ఎర్రగా కాల్చింది. పీకని బొటనవేలికి తొడుగులా తగిలించుకుని, బెజ్జంలో సూది గుచ్చి ఒక్క చుట్టు తిప్పింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. వేడినీళ్ళలో మరగబెట్టి, సీసాకి బిగించి తలకిందులు చేసింది. పాలు ధారకట్టాయి.

మధ్యాహ్నం సీసా నాలుగు నిమిషాల్లో ఖాళీ అయింది. వాడు గుటకల మీద గుటకలు మింగాడు. ఒకసారి పొలమారింది. పెదాల మూలల్నించి పాలు కారి మెడ కింద గుడ్డంతా తడిసింది. సూదక్క గబుక్కున వాణ్ని లేపి వీపు తట్టింది. దగ్గు ఆగాక వాడు నోరు చప్పరించి, తేనుపు తేన్చి, ఆమె మొహంలోకి చూశాడు. బోసి నోరంతా తెరిచి నవ్వాడు.

ఆమెని చూసి నవ్వడం అదే మొదటిసారి.

"ఓరి నా బంగారమా!" అంది సూదక్క. తడిసిన గుడ్డ తీసి కుళాయి కింద పిండింది. తెల్లటి నీళ్ళు కాలవలోకి వెళ్ళిపోయాయి. ఆమె చూపు వాటి మీద లేదు. నవ్విన మొహం మీదే ఉంది. ఆ పూటే రెండో పీకని కూడా కాల్చింది.

బుధవారానికి ఆమె సీసా పట్టుకుని వస్తుంటేనే వాడు కాళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన తమ్ముడు అది చూసి ఆశ్చర్యపోయి, సీసా చివర నవ్వుతున్న వాణ్ని, వాడి మీద వంగి వెలిగిపోతున్న అక్కని ఫోన్లో ఫొటో తీశాడు. "ఏం మంత్రం వేశావే అక్కా!" అన్నాడు. "మంత్రం లేదు, మాయా లేదు. చేతివాటం," అంది సూదక్క. అప్పటికప్పుడు ఆ ఫొటో మరదలికి పంపించమంది. రెండుసార్లు అడిగి, వెళ్ళిందని నిర్ధారించుకుంది.

ఆ సాయంత్రం మరదలు చొక్కా విప్పేసరికి వాడు ఎప్పట్లాగే పట్టుకున్నాడు. రెండుసార్లు లాగాడు. ఆగాడు. తల వెనక్కి తీసుకుని, ఏదో మోసం జరిగినట్టు చూసి, వీపు విల్లులా వంచి కేకపెట్టాడు. మరదలు ఇటు మార్చింది, అటు మార్చింది, లేచి తిరిగింది, పాడింది. వాడు పట్టడం, వదలడం, ఏడవడం. ఇంతలో పాలు వాటంతటవే దిగి చొక్కా ముందంతా తడిసింది. వాడి బుగ్గ మీద కూడా పడ్డాయి. వాడు మటుకు నోరు పెట్టలేదు.

"ఇలా ఇవ్వు," అంది సూదక్క.

పొద్దున మిగిలిన సీసా తీసుకొచ్చింది. నాలుగు నిమిషాలు. ఇంట్లో ఏడుపు ఆగిపోయింది. మరదలు తడిసిన చొక్కాతో గోడ వైపు తిరిగి కూర్చుని, గ్లాసులోకి పిండుకుంటోంది. సూదక్క ఆమె వీపుని చూసింది. సంతోషించకూడదని తెలుసు. కానీ పండగపూట పిల్లలు దాచుకున్న మిఠాయిలా ఆ సంతోషం దవడ కింద తియ్యగా కరుగుతూనే ఉంది.

గురువారం ఇంకా పెరిగింది. తల్లి ఒళ్ళోకి వంచితే చాలు, వాడు గుక్కపట్టేవాడు. ఫ్యాక్టరీలో పిండి ఆమె తెచ్చే సీసాలు మూడు కాస్తా రెండయ్యాయి, రెండోది కూడా నిండలేదు.

"నీకు పాలు తగ్గుతున్నాయేమో," అన్నాడు తమ్ముడు మెల్లగా. "డబ్బా పాలు తెద్దామా? నీకూ ఈ పిండే బాధ తప్పుతుంది."

మరదలు సీసాలు కడగడానికి లేచింది. సూదక్క మిషను దగ్గర కూర్చుని దారం ఎక్కిస్తూ ఆ మాటనే తిప్పితిప్పి చూసుకుంటోంది. డబ్బా పాలు. అంటే ఆ గంటలు రాసిన కాగితాలుండవు. పొద్దున్నా నేనే, సాయంత్రమూ నేనే, ఆదివారమూ నేనే. సూది బెజ్జంలోకి దారం వెళ్ళడం లేదు. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ లేనిది, మూడుసార్లు ఎంగిలి చేయాల్సి వచ్చింది.

*

శుక్రవారం మరదలు వెళ్ళిన గంటకి గిన్నెల బుట్టలో గోరంత తెల్ల రబ్బరు రెక్క కనబడింది. పాలు పిండే పంపులోది. అది లేకపోతే పంపు గాలే పీలుస్తుంది తప్ప పాలు లాగదు. ఇన్ని రోజులూ దేన్నీ మర్చిపోని మనిషి ఇవాళ దీన్ని మర్చిపోయింది.

మర్చిపోతే మర్చిపోయింది. నాకేం, అనుకుంది సూదక్క. రెక్కని బుట్టలోనే పడేసింది. తర్వాత మళ్ళీ తీసింది. ఫ్యాక్టరీకి బస్సులో పావుగంట. బుడ్డోణ్ని ఎత్తుకుని వెళ్తే? అందరి ముందూ వాడు తన మెడ పట్టుకుని వేలాడితే, వాళ్ళమ్మ చేతులు చాస్తే ఇటు తిరిగిపోతే? నలుగురూ చూస్తారు. ఆ ఊహ వచ్చాక ఇక ఆగలేకపోయింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, వాడికి కొత్త చొక్కా తొడిగింది.

తీరా ఫ్యాక్టరీ చేరేసరికి వాడు భుజం మీద గాఢనిద్రలో ఉన్నాడు. గేటు దగ్గర కాపలా ఆవిడ, "పిల్లల్ని లోపలికి పంపకూడదమ్మా," అంది. విషయం విని గొంతు తగ్గించింది. "ఇప్పుడు ఆవిడ బ్రేకే. పది నిమిషాలు. అదుగో, ఆ పక్కనుంచి వెళ్తే స్టోర్‌రూము కిటికీ వస్తుంది, ఆవిడ పాలు పిండుకునేది అందులోనే. అక్కణ్నించి అందించెయ్యండి."

కిటికీకి సగం దాకా సున్నం పూసిన అద్దం. పైన సందులోంచి సూదక్క లోపలికి చూసింది.

కప్పు దాకా అట్టపెట్టెలు. మధ్యలో మనిషి నిలబడేంత చోటు. కుర్చీ లేదు. తలుపుకి గడియ లేనట్టుంది, ఒక పెట్టెని అడ్డం పెట్టి ఉంది. మరదలు తల మీద గుడ్డ టోపీ, ఒంటి మీద తెల్ల కోటు. కోటు బొత్తాలు సగం విప్పి, నిలబడే, ఒక చేత్తో పిండుకుంటోంది. పనికిరాని పంపు పక్కన పడి ఉంది. ఎదురుగా పెట్టె మీద ఆనించిన ఫోన్లో బుధవారం నాటి ఫొటో. బిడ్డని చూస్తే పాలు దిగుతాయని నర్సమ్మే చెప్పి ఉంటుంది. సీసా చివర బుడ్డోడు నవ్వుతున్నాడు. వాడి మీద వంగిన మొహం మాత్రం కనబడడం లేదు. మరదలు ఖాళీగా ఉన్న చేతి బొటనవేలిని సరిగ్గా ఆ మొహం మీద ఆనించి, మూసి పట్టుకుంది.

సూదక్కకి ఒళ్ళు భగ్గుమంది. ఎంత పొగరు! నా మొహమే పనికిరాలేదా దీనికి?

ఆ మంట అలా లేచి, ఎక్కడా అంటుకోకుండా ఆగిపోయింది. ఆ వేలు ఆమెకి తెలుసు. మూడు నెలలుగా మూసిన తలుపు బయట తానూ అలాంటి వేలితోనే ఒక మనిషిని తుడిచేసుకుంటూ వచ్చింది.

ఇంతలో అడ్డం పెట్టిన పెట్టె కిర్రుమని జరిగింది. టేపు కట్టల కోసం ఒకతను తలుపు తోసుకుని వచ్చాడు. మరదలు చటుక్కున గోడ వైపు తిరిగి కోటు దగ్గరగా లాక్కుంది.

"ఇంకా కాలేదా నీది?"

"రెండు నిమిషాలన్నా."

"రోజూ రెండు నిమిషాలే. నీ బెల్టు దగ్గర అవతల మాత్రలు గుట్టపడుతున్నాయి. మేడమ్ అరిస్తే నాకు తెలియదు."

అతను వెళ్ళలేదు. పెట్టెలు లెక్కపెట్టుకుంటూ అక్కడే తిరిగాడు. అతను ఉన్నంతసేపూ మరదలు నుదురు గోడకి ఆనించి నిలబడింది. అతను వెళ్ళాక సీసాని వెలుగుకి ఎత్తి చూసుకుంది. అడుగున రెండు వేళ్ళ మందం. అంతే. మూత బిగించబోయి, మూత అంచుకి అంటిన చుక్కని కూడా వేలితో లోపలికి తోసింది.

సూదక్కకి తను కుళాయి కింద పిండిన గుడ్డ గుర్తొచ్చింది. మంగళవారం ఒకటి. బుధవారం రెండు. నిన్న మూడు. కాలవలోకి పోయిన ఆ తెల్లనీళ్ళు ఇక్కడ, ఈ పెట్టెల మధ్య, గోడకి నుదురు ఆనించి పిండినవి.

కిటికీ తట్టలేదు. బుడ్డోడు లేస్తాడేమోనని వాడి తల మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచింది. కాపలా ఆవిడ చేతిలో రెక్క పెట్టి, "మధ్యాహ్నం బ్రేకుకి పనికొస్తుంది, ఇవ్వండి. ఇంటినుంచి పంపారని చెప్పండి చాలు," అంది.

"మీరే ఇవ్వచ్చుగా, అంతదూరం వెళ్ళి?"

"కిటికీ అందలేదమ్మా," అంది సూదక్క.

*

బస్సు దిగి తిన్నగా నర్సమ్మ గది కింద కొట్టుకే వెళ్ళింది.

"ఆ వెడల్పు పీకలు రెండు. అన్నిటికంటే సన్నగా పడేవి."

కొట్టతను ఒకటి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుగుకి పెట్టి చూసి, పక్కన పడేసింది. "ఇది కాదు."

"నెలల పిల్లలకి ఇదే పట్టుకెళ్తారమ్మా. మరీ సన్నవైతే పిల్లలు సతాయిస్తారు."

"నన్నే కదా సతాయించేది, నిన్ను కాదుగా. ఓ గ్లాసు నీళ్ళు, ఓ సీసా తీసుకురా."

నాలుగు రకాలు విప్పించింది. ఒక్కోదాన్ని తలకిందులు చేసి, పెదాలు కదుపుతూ చుక్కకీ చుక్కకీ మధ్య ఎంత సేపో చూసుకుంది. పీక మొదలు వేళ్ళ మధ్య నొక్కి, మెత్తగా వంగుతోందా, గట్టిగా నిలబడుతోందా అని గుడ్డ నాణ్యం చూసినట్టు చూసింది. చివరికి రెండు ఎంచి పక్కన పెట్టింది.

"శనివారమే కొన్నారు కదమ్మా, వాటికేమయింది?" అన్నాడు కొట్టతను.

"నా చెయ్యి పడింది," అంది సూదక్క.

ఇంటికొచ్చి పాత పీకలు రెండూ కత్తెరతో అడ్డంగా కోసి చెత్తలో పడేసింది.

ఆ తర్వాత గంట ఎలా గడిచిందో ఆమెకే తెలియాలి. వాడు సీసా చూసి కాళ్ళాడించాడు, నోరు తెరిచాడు, ధార కోసం ఎదురుచూశాడు. చుక్క పడింది. నమ్మలేనట్టు చూశాడు. మొహం ఎర్రబడింది. పీక ఉమ్మేసి, గుక్కపట్టి, రెండు చేతులతో ఆమె మెడ మీద గీరాడు.

"తిట్టరా, తిట్టు. నన్నే తిట్టు. నీకా హక్కుంది," అంటూ ఆమె వాణ్ని నిటారుగా కూర్చోబెట్టుకుంది. పీకని పై పెదవికి తాకించి, వాడే నోరు పెద్దగా తెరిచేదాకా ఆగింది. సీసా అడ్డంగా. నాలుగు గుటకలకి ఒకసారి కిందికి దించడం. ఈ చేతి మీంచి ఆ చేతి మీదికి. వాడు మళ్ళీ ఏడ్చాడు, మళ్ళీ లాగాడు. యూనిఫారాల కోసం వచ్చిన టీచరమ్మ గుమ్మంలోంచే, "నిన్నటికి ఇస్తానన్నావు సూదక్కా! ఇంకా ఏడిపిస్తూనే ఉన్నావా వాణ్ని?" అంది.

"అవునమ్మా, ఏడిపిస్తున్నాను. మీరు రేపు రండి."

నలభై నిమిషాలు పట్టింది. మెడ కింద గుడ్డ మాత్రం పొడిగానే ఉంది. వాడు చివర్లో ఆమె మొహంలోకి చూశాడు. నవ్వలేదు. సోమవారం చూసినట్టే, ఎవరో చుట్టాన్ని చూసినట్టు చూసి, మొహం తిప్పుకున్నాడు. సూదక్క సీసా పక్కన పెట్టింది. తెలిసి చేసినా నొప్పి నొప్పే.

మూడింటికి ఇంకోసారి ఇలాగే పట్టింది. అయిదింటికి వాడు పెదాలు చప్పరిస్తుంటే, వేలు చీకనిచ్చి, ఎత్తుకుని గదంతా తిప్పింది. సీసా తియ్యలేదు.

మరదలు వచ్చింది. ఇవాళ చెప్పులు విడిచే చప్పుడు నెమ్మదిగా ఉంది. చేతులు కడుక్కుని వచ్చి, వాణ్ని తీసుకోడానికి చేతులు చాచలేదు. ఊరికే నిలబడింది.

"కూర్చో," అంది సూదక్క. "ముందు నువ్వే కాస్త పిండుకో. పాలు దిగాక అప్పుడు నోటికి పెట్టు. పట్టగానే దొరకాలి వాడికి."

మరదలు ఆమె వంక విచిత్రంగా చూసి, కూర్చుంది. సూదక్క బుడ్డోణ్ని ఆమె ఒళ్ళో పెట్టి మిషను దగ్గరికి వెళ్ళింది. వాడు పట్టాడు, వదిలాడు, వీపు వంచాడు. సూదక్క చేతిలో గుడ్డ నలిగిపోతోంది. మళ్ళీ పట్టాడు, కేకపెట్టాడు. మూడోసారి పట్టుకుని ఆగాడు. ఒక గుటక. చాలాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత వరసగా.

ఇన్నాళ్ళూ తలుపవతల విన్న చప్పుడు అది. ఇవాళ తలుపు తెరిచే ఉంది. వింటుంటే గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. ఆ ముల్లు ఎక్కడికీ పోలేదు.

"పీకల బెజ్జాలు నేనే పెద్దవి చేశాను," అంది సూదక్క, మిషను చక్రం వంక చూస్తూ. "సూది కాల్చి."

"తెలుసు వదినా."

సూదక్క తలెత్తింది.

"బుధవారం తెలిసింది. కడుగుతుంటే నీళ్ళు ధారగా వచ్చాయి," అంది మరదలు. గొంతులో కోపం లేదు. బిడ్డ ఉలిక్కిపడకుండా మెల్లగా మాట్లాడుతోంది.

"తెలిస్తే అడగలేదేం? జుట్టు పట్టుకుని అడగాల్సింది."

"అడిగితే మీకు కోపం వచ్చేది. నీ బిడ్డని నువ్వే చూసుకో అనేవారు."

"అంటానా?"

"అనరేమో. అంటే మటుకు నా ఉద్యోగం పోతుంది. మీ తమ్ముడి జీతం ఒక్కటే అయిపోతుంది."

"తెలిసీ, రెండ్రోజులు, పొద్దున్నే వాణ్ని నా చేతుల్లో పెట్టి వెళ్ళావా?"

"ఇంకెక్కడ పెట్టను?" అంది మరదలు. "రోజూ బస్సులో దండం పెట్టుకుంటూ వెళ్ళాను, పొలమారకుండా ఉంటే చాలని."

ఈ ఇంట్లో గుమ్మం బయట నిలబడ్డ మనిషి తనేననుకుంది సూదక్క ఇన్నాళ్ళూ. తనని చూసి భయపడే మనిషి ఒకరున్నారని, ఆ భయంతోనే నోరు మూసుకుని బిడ్డని అప్పజెప్పి వెళ్తోందని ఆమెకి ఏ కోశానా తట్టలేదు. వీధంతా భయపడే నోరు ఇంట్లో ఈ పని కూడా చేస్తోందని తెలియలేదు.

"కొత్త పీకలు తెచ్చాను," అంది చివరికి. "సన్నవి. చూసే తెచ్చాను."

మరదలు తలూపింది. మోచెయ్యి నొప్పెట్టినట్టు సర్దుకుంది. సూదక్క లేచి, మంచం మీంచి దిండు తీసుకొచ్చి ఆ మోచేతి కింద పెట్టింది. పెడుతుంటే, గాల్లో తడుముకుంటున్న బుడ్డోడి చెయ్యి ఆమె చూపుడువేలికి తగిలి గట్టిగా చుట్టుకుంది. వాడు కళ్ళు మూసుకునే తాగుతున్నాడు. ఎవరి వేలో వాడికి తెలియదు.

సూదక్క అలాగే వంగి ఉండిపోయింది. తర్వాత వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, ఆ చేతిని తీసి వాళ్ళమ్మ గుండెల మీద పెట్టింది. ఎంత బిగిసిన ముడినైనా చిటికెలో విప్పే ఆ చేతులకి, ఆ అయిదు వేళ్ళూ విప్పడానికి చాలా సేపు పట్టింది.